పాఠం నుంచి పరికరం దాకా: ఉపాధ్యాయ శిక్షకుల్లో డిజిటల్ నైపుణ్యాలు పెంపొందించే మార్గదర్శి

తమకు పాఠం ఎలా చెప్పారో ఉపాధ్యాయులు కూడా అలాగే చెబుతారన్నది ఉపాధ్యాయ విద్యారంగంలో ఉన్నవాళ్లందరికీ అనుభవంలో ఉన్న విషయమే. "తరగతిలో సాంకేతికతను చక్కగా వినియోగించుకోండి" అంటూ 60 స్లైడ్లు చదివి వినిపించే శిక్షకుడి దగ్గర ఛాత్రోపాధ్యాయులు (ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారు) నేర్చుకునేది స్లైడ్లు చదివి వినిపించడమే. కాబట్టి శిక్షకుల డిజిటల్ నైపుణ్యం ఉపాధ్యాయుల నైపుణ్యం కంటే ఒక మెట్టు పైన ఉండాలి. పరికరంతో పాఠం చెప్పడం రావాలి, చెబుతూనే ఆ క్షణంలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కాబోయే ఉపాధ్యాయులకు విడమరచి చెప్పడమూ రావాలి. ఒక శిక్షకురాలు ఏటా 40 మందికి శిక్షణ ఇస్తారని, వారిలో ఒక్కొక్కరూ 30 మంది పిల్లలున్న తరగతికి వెళతారని అనుకుంటే, ఆమె అలవాట్లు ఒక్క ఏడాదిలో 1,200 మంది పిల్లల దాకా చేరతాయి. మంచి అలవాటైనా, చెడ్డ అలవాటైనా చేరే దూరం అంతే.

శిక్షణ సంస్థకు నాయకత్వం వహించేవారినీ, సహోద్యోగులకు నేర్పే బాధ్యత తలకెత్తుకున్న శిక్షకులనూ దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఈ పనిలో దిగిన తొలి రోజుల్లో నేను ఒక సంస్థలో ఐదు రోజుల కార్యశాల నిర్వహించాను. రోజుకొక సాఫ్ట్‌వేర్ చొప్పున నేర్పాను. చివరి రోజున అందరూ సంతోషంగా ధ్రువపత్రాలు అందుకుని వెళ్లారు. మూడు నెలల తరువాత అదే సంస్థకు వెళ్లి తరగతులు గమనిస్తే, ఆ ఐదింటిలో ఒక్కటి కూడా ఎవరి పాఠంలోనూ కనిపించలేదు. నేర్చుకున్నవారి శ్రద్ధలో లోపమేమీ లేదు. నేను సాఫ్ట్‌వేర్ నుంచి మొదలుపెట్టాను, అందుకే శిక్షణ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోయింది. శిక్షకులు ఏటా చెప్పే పాఠం నుంచి మొదలుపెట్టినప్పుడే నేర్చుకున్నది తరగతి గదిలోకి అడుగుపెడుతుందని అప్పటి నుంచీ గట్టిగా నమ్ముతున్నాను. కింది అడుగులన్నీ ఆ నమ్మకం మీద నిలిచినవే.

మొదటి అడుగు: ఏ నైపుణ్యాలు కావాలో తేల్చుకోవడం

"డిజిటల్ నైపుణ్యం" అనగానే ఒకరికి టైపింగ్ వేగం గుర్తుకొస్తుంది, మరొకరికి వీడియో ఎడిటింగ్ గుర్తుకొస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఆ మాటకు సంస్థలో అందరికీ ఒకే అర్థం ఉండేలా చూసుకోవాలి. దీనికోసం ప్రమాణాలను కొత్తగా రాసుకోనక్కర్లేదు. ఉపాధ్యాయుల ఐసీటీ (సమాచార, సంచార సాంకేతికత) సామర్థ్యాల చట్రాన్ని యునెస్కో 2008లో తొలిసారి వెలువరించి, 2011లోనూ 2018లోనూ సవరించింది. తాజా కూర్పులో 6 అంశాలు, ఒక్కో అంశంలో 3 స్థాయిలు, మొత్తం 18 సామర్థ్యాలు ఉన్నాయి. యూరోపియన్ కమిషన్ 2017లో విడుదల చేసిన, బోధకుల డిజిటల్ సామర్థ్యాలను వివరించే డిజ్‌కాంప్‌ఎడ్యు చట్రంలో 22 సామర్థ్యాలు ఉన్నాయి, వాటిని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా విభజించారు. ఇవి కాక, ప్రత్యేకంగా ఉపాధ్యాయ శిక్షకుల కోసమే అమెరికాలో 2017లో 12 సామర్థ్యాల జాబితా ఒకటి రూపొందింది. అందులో చివరిది చిన్నపాటి సాంకేతిక సమస్యలను సొంతంగా సరిదిద్దుకోవడం. ప్రొజెక్టర్ తెర నల్లగా ఉండిపోతే పాఠం మొత్తం ఆగిపోయే పరిస్థితిని చూసినవారికి ఆ సామర్థ్యాన్ని అక్కడ ఎందుకు చేర్చారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చట్రాలను ముద్రించి అందరికీ పంచితే ఎవరూ చదవరు. వాటిని ముందు పెట్టుకుని, మొదటి ఏడాదికి నాలుగు సామర్థ్యాలకు మించకుండా ఎంచుకోవడం మేలు. నేను సూచించే నాలుగు ఇవి: తన విషయానికి తగిన డిజిటల్ సాధనంతో నమూనా పాఠం చెబుతూ ఆలోచనను బయటికి వినిపించడం, పాఠ్య పథకం మీదా బోధన వీడియో మీదా నిర్దిష్టమైన పరిపుష్టి (ఫీడ్‌బ్యాక్) ఇవ్వడం, ఇతరులు తయారుచేసిన సామగ్రిని అనుమతుల ప్రకారం తీసుకుని తన తరగతికి తగ్గట్టు మలచుకోవడం, చిన్న పరీక్షల జవాబులను పట్టికలో చదివి తరువాతి పాఠాన్ని దిద్దుకోవడం. మిగతావన్నీ రెండో ఏడాదికి ఆగుతాయి.

ఇక్కడ శిక్షకులకు తప్పనిసరిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. లీ షుల్‌మన్ 1986లో ప్రతిపాదించిన బోధనా విషయ జ్ఞానం (ఒక విషయాన్ని పిల్లలకు అర్థమయ్యేలా ఎలా బోధించాలో తెలియడం) అన్న భావన ఉపాధ్యాయ విద్యలో అందరికీ పరిచితమే. పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో దానికి సాంకేతిక జ్ఞానాన్ని జోడించి, విషయం, బోధన, సాంకేతికత అనే మూడు వలయాలు కలిసే చోటును వివరించారు; ఆ భావనను ఇప్పుడు టీప్యాక్ అంటున్నారు. ఆ చిత్రాన్ని ఒకసారి బల్ల మీద గీసి చూపిస్తే, పాతికేళ్ల అనుభవమున్న శిక్షకులకు మూడు వలయాల్లో రెండు ఇప్పటికే నిండుగా ఉన్నాయని వెంటనే అర్థమవుతుంది. కంప్యూటర్ త్వరగా పట్టుబడిన చిన్నవారికి ఆ రెండూ నిండడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఎరుక కలిగితే పెద్దవారిలో ఉన్న సంకోచం చాలావరకు సడలుతుంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచి ఆరంభం నాకు తెలియదు.

రెండో అడుగు: ఉన్న స్థాయిని పని చేయించి తెలుసుకోవడం

"మీకు స్ప్రెడ్‌షీట్ వచ్చా?" అని ప్రశ్నావళిలో అడిగితే వచ్చే జవాబు మీద ఆధారపడలేం. ఒకరు మొహమాటంతో తక్కువ చెబుతారు, మరొకరు పరువు కోసం ఎక్కువ చెబుతారు. దానికి బదులుగా 90 నిమిషాల వ్యవధిలో, ఎవరి ఫోన్ మీద లేదా కంప్యూటర్ మీద వారే చేసేలా ఐదు చిన్న పనులు ఇవ్వాలి. ఒక ఛాత్రోపాధ్యాయుడి పాఠ్య పథకాన్ని అందరూ తెరవగలిగే డాక్యుమెంట్‌గా పంపి, అందులో సరైన వాక్యాల పక్కనే మూడు వ్యాఖ్యలు రాయమనాలి. ఒక భావనను అర నిమిషంలో వివరిస్తూ గొంతు రికార్డు చేసి పంపమనాలి. తిరిగి వాడుకునేందుకు అనుమతి ఉన్న ఒక బొమ్మను వెతికి, దాని కర్త పేరుతో సహా పేజీలో చేర్చమనాలి. 30 మంది జవాబులున్న పట్టికలో ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఏదో కనుక్కోమనాలి. చివరగా, ముందే వదులుచేసి ఉంచిన ప్రొజెక్టర్ కేబుల్‌ను చూపించి, తెర మీద బొమ్మ వచ్చేలా చేయమనాలి.

వీటికి మార్కులు వేయకూడదు. ఒక్కో పని ఎదుట "ఒంటరిగా చేశారు", "కొద్ది సాయంతో చేశారు", "ఇంకా చేయలేదు" అన్న మూడింటిలో ఏదో ఒకటి రాసుకుంటే చాలు. ఆ కాగితం ఆ వ్యక్తికీ, శిక్షణ నడిపేవారికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. సహోద్యోగుల ముందు ఒక్కసారి చిన్నబోయిన శిక్షకులు ఆ తరువాత నేర్చుకునే చోటికే రారు.

మూడో అడుగు: ఒక్కొక్కరూ ఒక్క పాఠం ఎంచుకోవడం

మొత్తం పనికి గుండెకాయ ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ప్రతి శిక్షకుడినీ, శిక్షకురాలినీ "ఛాత్రోపాధ్యాయులకు మీరు ఏటా చెప్పే అంశాల్లో ఎంత వివరించినా సగంమందికి పట్టుబడనిది ఏది?" అని అడగాలి. జవాబు వెంటనే వస్తుంది. గణితం చెప్పేవారు భిన్నాల భాగహారం అంటారు, భాష చెప్పేవారు పిల్లల రాతను దిద్దే పద్ధతి అంటారు. సాధనాన్ని ఆ జవాబును బట్టే ఎంచుకోవాలి. కొత్త సాధనం చేతికొచ్చింది కదా అని దానికి తగిన పాఠం వెతకడం మొదలుపెడితే మళ్లీ నా పాత కార్యశాల దగ్గరికే చేరుకుంటాం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. విజ్ఞానశాస్త్ర బోధనా పద్ధతులు చెప్పే శిక్షకురాలు విద్యుత్ వలయాన్ని ఎంచుకున్నారు. "శ్రేణిలో రెండు ఒకేరకం బల్బులు కలిపితే, మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుంది" అని పిల్లలే కాదు, ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది కూడా అనుకుంటారు. నల్లబల్ల మీద బొమ్మ గీసి ఇది తప్పని చెప్పడం ఆమెకు అలవాటే, అయినా పరీక్షలో అదే పొరపాటు మళ్లీ కనిపిస్తుంది. కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ అనే విజ్ఞానశాస్త్ర అనుకరణల ప్రాజెక్టులో వలయాలను కట్టి చూసే అనుకరణ (సిమ్యులేషన్) ఒకటి ఉచితంగా దొరుకుతుంది. ఆమె దాన్ని తెర మీద తెరిచి, ఒక బ్యాటరీని ఒక బల్బుకు కలిపి వెలిగించారు. రెండో బల్బును పక్కన పెట్టి, ఇంకా కలపకుండా ఆగారు.

"ఇప్పుడు రెండూ ఎలా వెలుగుతాయో మీ పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి" అన్నారు. అందరూ రాసేదాకా వేచి ఉన్నారు. ఆ తరువాతే రెండో బల్బును కలిపారు. రెండూ సమానంగానే, మునుపటికంటే మసకగా వెలిగాయి. గది అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అప్పుడు ఆమె పాఠాన్ని ఆపి, బల్ల ముందువైపుకు వచ్చి నిలబడి, గొంతు మార్చి మాట్లాడారు: "ఇంతసేపూ మీరు విద్యార్థులు. ఇప్పుడు ఉపాధ్యాయులుగా వినండి. బల్బు కలపకముందే మీ చేత ఎందుకు రాయించానంటే, చూసిన తరువాత అందరూ తమకు ముందే తెలుసంటారు. అమ్మీటరును ఎందుకు తెరవలేదంటే, అంకె కనిపిస్తే మీ కళ్లు బల్బును వదిలి అంకె మీదికి పోతాయి. తీగలో కదిలే చుక్కలను ఇప్పుడు చూపిస్తాను, కానీ అవి నమూనా మాత్రమేనని పిల్లలకు చెప్పడం మరిచిపోకండి. నిజమైన తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ముందుకు జరగవు."

ఈ మూడు నాలుగు నిమిషాల మాటల కోసమే నేను ఇంత దూరం తీసుకొచ్చాను. అనుకరణను తెరవడం పది నిమిషాల్లో ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కడ ఆపాలి, ఏం దాచాలి, ఎప్పుడు తెరను ఆర్పేసి నిజమైన తీగలూ బ్యాటరీలూ చేతికివ్వాలి అన్న నిర్ణయాలను నోరు తెరిచి చెప్పగలగడమే శిక్షకుల అసలు నైపుణ్యం. చాలామందికి ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మంచి ఉపాధ్యాయుల నిర్ణయాలు ఏళ్ల తరబడి అలవాటై, వారికే కనిపించనంత లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. అందుకని ప్రతివారూ తమ పాఠానికి రెండు నిలువు వరుసల కాగితం ఒకటి తయారుచేసుకోవాలి. ఎడమ వరుసలో "నేనేం చేస్తాను", కుడి వరుసలో "ఎందుకు చేస్తున్నానో ఏ మాటల్లో చెబుతాను". కుడి వరుస ఖాళీగా ఉన్న చోట ఆ సాధనం అవసరమే లేదేమో కూడా ఆలోచించాలి. అలా ఆలోచించి సాధనాన్ని పక్కన పెట్టిన శిక్షకులు కూడా నైపుణ్యం సాధించినట్టే.

గణితంలో ఇదే పద్ధతిని జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌తో చేయవచ్చు, భాషలో అందరూ కలిసి దిద్దే ఒకే డాక్యుమెంట్‌తో చేయవచ్చు. సాధనం మారినా కాగితంలోని రెండు వరుసలు మారవు.

నాలుగో అడుగు: సూక్ష్మ బోధనను శిక్షకులకే వర్తింపజేయడం

1963లో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం సూక్ష్మ బోధనను (కొద్దిమందికి కొద్ది నిమిషాల పాఠం చెప్పి, దాన్ని పరిశీలించి మళ్లీ చెప్పే పద్ధతిని) ప్రారంభించిన కాలంలో వీడియో రికార్డింగ్‌కు పెద్ద యంత్రాలు కావలసి వచ్చేవి. ఇవాళ జేబులో ఉన్న ఫోన్ ఆ పని చేస్తుంది. ఛాత్రోపాధ్యాయుల చేత సూక్ష్మ బోధన చేయించడం శిక్షకులందరికీ తెలుసు. తమ పాఠాన్ని తామే రికార్డు చేసుకుని చూసినవారు మాత్రం చాలా తక్కువ. 6 నిమిషాల బోధన, 6 నిమిషాల పరిపుష్టి, 12 నిమిషాల పునఃప్రణాళిక, 6 నిమిషాల పునర్బోధన, 6 నిమిషాల పునఃపరిపుష్టి అన్న 36 నిమిషాల చక్రాన్ని ఇద్దరిద్దరు శిక్షకులు జట్టుగా ఏర్పడి తమ మీదే అమలు చేసుకోవాలి.

రికార్డింగ్‌లో బొమ్మ కంటే శబ్దం ముఖ్యం. ఫోన్‌ను గది వెనకాల పెడితే పంకా చప్పుడు తప్ప ఏమీ వినిపించదు, కనుక ముందు బల్ల మీద, మాట్లాడేవారికి రెండు మీటర్ల లోపు నిలబెట్టాలి. వెలుతురు మాట్లాడేవారి ముఖం మీద పడాలి, కిటికీ వెనకవైపు ఉండకూడదు. ఇంతకు మించి హంగులు అక్కర్లేదు.

పరిపుష్టి ఎలా ఇవ్వాలన్నదే కష్టమైన భాగం. "పాఠం బాగుంది, ఇంకొంచెం ఆసక్తికరంగా ఉండాల్సింది" అన్న వ్యాఖ్య వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. వీడియోలో ఏ క్షణం గురించి మాట్లాడుతున్నారో ఆ సమయంతో సహా రాయడం అలవాటు చేసుకోవాలి. ఉదాహరణకు: "2:14 దగ్గర ప్రశ్న అడిగి, 2:16కే మీరే జవాబు చెప్పారు. ఆ రెండు సెకన్లు ఐదు సెకన్లయితే వెనక వరుసలోంచి ఎవరైనా నోరు విప్పేవారేమో, రెండోసారి ప్రయత్నించండి." ఇలాంటి వ్యాఖ్యలు మూడు చాలు, పది రాస్తే ఒక్కటీ మనసుకెక్కదు. ఈ అలవాటు శిక్షకులకు పడితే, ఛాత్రోపాధ్యాయుల వీడియోల మీద వారిచ్చే పరిపుష్టి నాణ్యత దానంతటదే మారుతుంది.

వీడియో ఎవరిదో వారి అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు. అందులో పిల్లలు కనిపిస్తే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా, వీడియోను ఏ తేదీన తొలగిస్తారో తీసేముందే చెప్పి, ఆ తేదీన నిజంగా తొలగించాలి.

ఐదో అడుగు: సామగ్రిని న్యాయంగా వాడుకోవడం, అందరికీ అందేలా తయారుచేయడం

నెట్‌లో కనిపించిందల్లా వాడుకోవచ్చన్న భావన శిక్షకులకు ఉంటే, అది వారి ఛాత్రోపాధ్యాయులందరికీ అంటుకుంటుంది. స్వేచ్ఛా విద్యా వనరుల మీద యునెస్కో 2019లో సభ్యదేశాలకు ఒక సిఫారసును ఆమోదించింది. ఆచరణలో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు, అంటే తన సామగ్రిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో కర్త ముందే చెప్పే అనుమతులు. అవి ఆరు రకాలు. ఆరింటిలోనూ కర్తను పేర్కొనడం తప్పనిసరి. "ఎన్‌సీ" అని ఉంటే వాణిజ్యానికి వాడకూడదు. "ఎస్‌ఏ" అని ఉంటే మనం మార్చిన దాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. శిక్షకులు ఎక్కువగా పొరపడేది "ఎన్‌డీ" దగ్గర. ఆ గుర్తు ఉన్న సామగ్రిని ఉన్నదున్నట్టు పంచవచ్చు గానీ, మార్చినదాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది, కనుక ఆంగ్లంలో ఉన్న మంచి అభ్యాస పత్రాన్ని మన భాషలోకి తెచ్చి అందరికీ పంచాలనుకున్నవారు ముందుగా ఈ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. శీర్షిక, కర్త, మూలం, లైసెన్సు, ఈ నాలుగూ ఒక్క వరుసలో రాసే అభ్యాసాన్ని మొదటి వారం నుంచే పెట్టాలి.

సొంతంగా తయారుచేసేటప్పుడు యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాత ఫాంట్లలో చేసిన పాఠం మరో ఫోన్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది, అందులో ఏ పదాన్నీ వెతకలేం, చూపులేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. బొమ్మకు ఒక వాక్యం వివరణ, వీడియోకు కింద అక్షరాలు, డాక్యుమెంట్‌లో శీర్షికలకు శీర్షిక శైలి, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం (కాంట్రాస్ట్), ఇవన్నీ వెబ్ సౌలభ్య మార్గదర్శకాల్లో ఉన్నవే. పని పూర్తయ్యాక అతికించబోతే భారమవుతాయి, మొదటి నుంచీ చేస్తే చేతి అలవాటు అవుతాయి.

ఆరో అడుగు: జవాబుల పట్టికను చదవడం

పది ప్రశ్నల చిన్న ఆన్‌లైన్ పరీక్షను 32 మంది రాశారనుకుందాం. సగటు మార్కు చూసి ఊరుకునే శిక్షకులకు తరగతి గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. పట్టికలో ఏడో ప్రశ్న నిలువు వరుసను చూస్తే 21 మంది తప్పారు, వారిలో 17 మంది ఎంచుకున్నది ఒకే తప్పు జవాబు. అంటే అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, అంతమందిలో ఒకే అపోహ పాతుకుపోయి ఉంది. తరువాతి పాఠం ఆ ఒక్క జవాబు నుంచే మొదలవ్వాలి. ప్రశ్నల వారీగా లెక్కించే ఒకే ఒక్క స్ప్రెడ్‌షీట్ సూత్రం, ఎక్కువ తప్పులున్న గడులు రంగు మారేలా చేసే ఒక అమరిక, ఈ రెండూ నేర్పితే చాలు. మిగతా గణాంకాల జోలికి వెళ్లక్కర్లేదు. ఆ పట్టికను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని మాత్రం మొదటి రోజే చెప్పాలి.

ఏడో అడుగు: 16 వారాల వరుస

బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచి చేసిన పరిశీలనల సారం ఏమిటంటే, సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, సాధన చేయించినా, నేర్చుకున్నది తరగతిలోకి రావాలంటే వెంట నిలిచి ఇచ్చే తోడ్పాటు కావాలి. అందుకే ఐదు రోజుల కార్యశాలకు పట్టే దాదాపు 30 గంటలను 16 వారాలకు పరచడం మంచిది. మొదటి రెండు వారాలు సామర్థ్యాల ఎంపికకూ స్థాయి పరిశీలనకూ సరిపోతాయి. మూడో వారం నుంచి ఆరో వారం వరకు పాఠం ఎంపిక, రెండు వరుసల కాగితం తయారీ, సాధనం మీద చేయి తిరగడం. ఏడో వారం నుంచి పన్నెండో వారం వరకు ప్రతి జట్టూ మూడు సూక్ష్మ బోధన చక్రాలు పూర్తి చేయాలి, మధ్యలో సామగ్రి, లైసెన్సుల పని జరగాలి. చివరి నాలుగు వారాలు అసలు ఛాత్రోపాధ్యాయుల ముందు ఆ పాఠం చెప్పడానికి, జవాబుల పట్టిక చదవడానికి.

వారానికి రెండు గంటలు కాలపట్టికలో అచ్చయి ఉండాలి. "ఖాళీ దొరికినప్పుడు నేర్చుకోండి" అన్న సంస్థలో ఎవరికీ ఖాళీ దొరకదు. ఆ రెండు గంటలు కేటాయించలేని అధిపతి, పరికరాల కొనుగోలుకు ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. జట్లు కట్టేటప్పుడు బోధనలో ఆరితేరినవారినీ, సాధనాల్లో చురుకైనవారినీ కలపాలి. ఒక నియమం మాత్రం కచ్చితంగా పాటించాలి: మౌస్ ఎప్పుడూ నేర్చుకుంటున్నవారి చేతిలోనే ఉండాలి. తోడున్నవారు నోటితో చెప్పవచ్చు గానీ, చేయి పెట్టకూడదు.

కృత్రిమ మేధ సంగతి

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి శిక్షకులు ఎక్కువగా అడుగుతున్నది దీని గురించే. యునెస్కో 2024లో ఉపాధ్యాయుల కోసం 15 సామర్థ్యాలతో కృత్రిమ మేధ చట్రాన్ని విడుదల చేసింది. అందులో మానవ కేంద్రిత దృక్పథాన్నీ నైతికతనూ సాధనాల వాడకం కంటే ముందు ఉంచారు, ఆ వరుస సరైనదేనని నా అభిప్రాయం.

ఆచరణకు ఒక అభ్యాసం చెబుతాను. తాము మూడో అడుగులో ఎంచుకున్న పాఠానికే ఒక పాఠ్య పథకం రాయమని శిక్షకులు ఆ సాధనాన్ని అడగాలి. వచ్చినదాన్ని ముద్రించి, ఛాత్రోపాధ్యాయుడి పథకాన్ని దిద్దినట్టే ఎర్ర కలంతో దిద్దాలి. వాక్యాలు నున్నగా ఉంటాయి, లక్ష్యాలు పద్ధతిగా ఉంటాయి, కానీ ఆ భావనలో పిల్లలు ఎక్కడ తడబడతారన్నది తరచు పైపైనే ఉంటుంది. విషయంలో తప్పులు కూడా అదే ధీమాతో రాసి ఉంటాయి. వెబ్‌లో పాఠ్యం తక్కువగా ఉన్న భాషల్లో అడిగినప్పుడు మరింత జాగ్రత్తగా సరిచూసుకోవాలి. దిద్దిన ఆ కాగితాన్ని ఛాత్రోపాధ్యాయులకు చూపించడం ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది. ఛాత్రోపాధ్యాయుల పేర్లు, మార్కులు, వారి స్వవిషయాలు ఆ సాధనాల్లో ఎప్పుడూ రాయకూడదు.

నెట్ సరిగా లేని చోట

శిక్షణ సంస్థలో వేగమైన నెట్ ఉన్నా, ఛాత్రోపాధ్యాయులు వెళ్లే బడిలో ఉండకపోవచ్చు. కాబట్టి నమూనా పాఠాల్లో కనీసం ఒకటి నెట్ ఆపేసి చెప్పాలి. ఫెట్ అనుకరణలను ముందే దించుకుని వాడవచ్చు. కొలిబ్రి అనే ఉచిత వేదికను ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టుకుంటే, బయటి నెట్ లేకుండానే గదిలోని ఫోన్లకు పాఠాలు అందుతాయి. కరెంటు కూడా పోతే ఏం చేస్తారో రెండు వరుసల కాగితం అడుగున ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోవాలి.

చివరి అడుగు: ఫలితాన్ని ఛాత్రోపాధ్యాయుల తరగతిలో చూడడం

శిక్షణ ముగిశాక నింపించే అభిప్రాయ పత్రాలు గది చల్లగా ఉందో లేదో చెబుతాయి గానీ నైపుణ్యం గురించి చెప్పవు. టామస్ గస్కీ 2000లో ఉపాధ్యాయుల వృత్తి శిక్షణను అంచనా వేసేందుకు ఐదు స్థాయిలు సూచించారు: పాల్గొన్నవారి స్పందన, వారి అభ్యసనం, సంస్థ ఇచ్చిన మద్దతు, నేర్చుకున్నదాని వినియోగం, విద్యార్థుల అభ్యసనం. చాలా సంస్థలు మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతాయి. మనం కనీసం నాలుగో స్థాయి దాకా వెళ్లాలి.

ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసానికి బడులకు వెళ్లినప్పుడు, శిక్షకులు పర్యవేక్షణ పుస్తకంలో మూడు ప్రశ్నలు అదనంగా రాసుకోవాలి. సాధనాన్ని తెరిచే ముందు పిల్లల చేత ఊహించి రాయించారా? సాధనాన్ని ఎక్కడ ఆపారు, ఆపి ఏం చేశారు? అది పనిచేయని క్షణంలో పాఠం నడిచిందా? ఆ జవాబులను రెండు వరుసల కాగితం పక్కన పెట్టి చూస్తే, శిక్షకులు నోరు విప్పి వివరించిన నిర్ణయాలే బడిలో కనిపిస్తాయి. వివరించకుండా వదిలేసినవి చాలావరకు కనిపించవు. కుడి వరుసలో అలా మిగిలిన ఖాళీలను ఎర్ర సిరాతో గుర్తించి, తరువాతి విడతలో మొదటి సూక్ష్మ బోధన చక్రాన్ని ఆ ఖాళీలతోనే ప్రారంభించాలి.